కొండ మీది మంట ఎటు పోతోంది? శాటిలైట్ చుక్కలతో ఎలా కనిపెట్టాలి

ఫిబ్రవరి దాటిందంటే ఉదయగిరి, సీతారామపురం, రాపూరు వైపు ఊళ్లలో రాత్రిపూట మిద్దె ఎక్కి చూస్తే వెలిగొండల మీద ఏదో ఒక చోట ఎర్రటి గీత కనపడుతుంది. ఎవరో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఆ వెంటనే మొదలవుతాయి ప్రశ్నలు. ఎక్కడది? ఎంత మేర కాలింది? మన వైపు వస్తోందా, అవతల కడప వైపు దిగుతోందా? ఫొటో చూసి ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు, తెల్లారేసరికి అందరూ మర్చిపోతారు.

ఈ ప్రశ్నల్లో చాలావాటికి డబ్బు ఖర్చు లేకుండా, ఇంట్లో కూర్చుని జవాబు వెతకొచ్చు. ఒక ల్యాప్‌టాప్, నెట్, గంటసేపు ఓపిక ఉంటే చాలు. కోడింగ్ రానక్కర్లేదు. కాకపోతే ఒక్క విషయం మొదటే మనసులో పెట్టుకోండి: మ్యాప్ మీద చుక్క ఎక్కడుందో చూడడం తేలిక, అది ఎప్పటిదో తేల్చుకోవడమే అసలు పని. మంట కదలికంతా ఆ 'ఎప్పుడు'లోనే ఉంటుంది.

చుక్కలు ఎక్కడ దొరుకుతాయి

గూగుల్‌లో నాసా ఫర్మ్స్ అని కొట్టండి. ప్రపంచం మొత్తం మీద శాటిలైట్లు పట్టుకున్న మంటల్ని ఎర్ర చుక్కలుగా చూపించే మ్యాప్ తెరుచుకుంటుంది. శాటిలైట్ చూసిన మూడు గంటల్లోపే మన ప్రాంతపు చుక్కలు అందులోకి వస్తాయి. మ్యాప్ ఊరికే చూడడానికి బాగుంటుంది గానీ మంట కదలిక గీయాలంటే ఫైల్ దించుకోవాలి. యాక్టివ్ ఫైర్ డేటా పేజీలో సౌత్ ఏషియా వరుసలో గత 24 గంటలు, 48 గంటలు, 7 రోజుల సీఎస్‌వీ ఫైళ్లు (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టికలు) ఉంటాయి. 7 రోజులది తీసుకోండి. పాత ఏడాదివి కావాలంటే ఆర్కైవ్‌లో అడగాలి, లింకు మెయిల్‌కి వస్తుంది.

రెండు రకాల చుక్కలు కనపడతాయి, మోడిస్ అని, వీర్స్ అని. మోడిస్ పరికరం టెర్రా, ఆక్వా అనే రెండు శాటిలైట్ల మీద ఉంది. టెర్రా 1999లో, ఆక్వా 2002లో ఎగిరాయి, ముసలివైపోయాయి, దారి కూడా కొంచెం తప్పాయి. పైగా దాని గడి, అంటే అది ఒక్క చుక్కగా చూసే చదరపు నేల ముక్క, పక్కకి ఒక కిలోమీటరు. వీర్స్ పరికరం సువోమీ ఎన్‌పీపీ, నోవా-20, నోవా-21 అనే మూడింటి మీద ఉంది, గడి 375 మీటర్లు. మన కొండలకి వీర్స్ ఒక్కటి చాలు. రెండూ కలిపి గీస్తే బొమ్మ గజిబిజి అవుతుంది తప్ప లాభం లేదు.

375 మీటర్ల గడి అంటే లెక్క వేసుకోండి, దాదాపు 35 ఎకరాలు. మ్యాప్ మీద చుక్క పెట్టేది ఆ గడి నడిమధ్యన. మంట ఆ 35 ఎకరాల్లో ఏ మూలైనా ఉండొచ్చు, ఇంటి స్థలమంతే ఉండొచ్చు, గడి అంతా కాలుతూ ఉండొచ్చు. మామూలు నేల విడుదల చేసే వేడి వేరు, మంట విడుదల చేసే వేడి వేరు. మంట నుంచి 4 మైక్రాన్ల అలల పొడవు దగ్గరి, కంటికి కనపడని వేడి కిరణాలు విపరీతంగా వస్తాయి, శాటిలైట్ వెతికేది వాటినే. అందుకే ఒక మూల చిన్న మంటున్నా గడి మొత్తం వెలుగుతుంది. ఇంకో సంగతి, 375 మీటర్లనేది శాటిలైట్ సరిగ్గా నెత్తి మీద ఉన్నప్పటి మాట. అంచు నుంచి వాలుగా చూసినప్పుడు గడి సాగి రెట్టింపు దాటుతుంది. ఫైల్‌లో స్కాన్, ట్రాక్ అని రెండు నిలువు వరుసలుంటాయి, గడి ఎంత సాగిందో చెప్పేవి అవే. చుక్కలు ఉన్నట్టుండి దూరం దూరంగా పడ్డాయంటే మంట పాకిందని కంగారు పడకుండా ముందు ఆ అంకెలు చూడండి.

గడియారం దగ్గరే అందరూ బోల్తా పడతారు

నేనూ పడ్డాను. కొన్నేళ్ల కిందట ఒక మార్చి నెలలో మా వైపు కొండ కాలింది. ఫైల్ దించి చూస్తే తేదీ 14 అనీ, టైమ్ వరుసలో 2043 అనీ ఉంది. 14వ తేదీ రాత్రి 8 గంటల 43 నిమిషాలకి మంట అంటుకుందని గ్రూపులో ఠీవిగా పెట్టాను. ఆ పొద్దు చీకటి పడ్డాక కొండ దిగిన మేకల వాళ్లెవరో ఊళ్లో అందరికీ తెలుసు. ఇంకేముంది, వాళ్ల మీద పడ్డారు. వాళ్లలో ఒక పెద్దాయన నన్ను బజార్లో పట్టుకుని, "ఏంది అబ్బయా, నీ శాటిలైట్ మన టైమే చూస్తుందా, దాని టైం వేరే ఉంటదా?" అన్నాడు. ఎగతాళికే అన్నాడు గానీ సరైన ప్రశ్న అదే.

ఫైల్‌లో ఉండేది మన టైమ్ కాదు, యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడిగా పెట్టుకున్న టైమ్. దానికి ఐదున్నర గంటలు కలపాలి. 20:43కి 5:30 కలిపితే 26:13, అంటే మర్నాడు తెల్లవారుజాము 2 గంటల 13 నిమిషాలు. తేదీ కూడా మారిపోయింది, 14 కాదు 15. నేను చేసిన రెండో తప్పు ఇంకా పెద్దది. అది శాటిలైట్ చూసిన టైమ్, మంట అంటుకున్న టైమ్ కాదు. అంతకుముందు మధ్యాహ్నం చూసినప్పుడు లేదు, అర్ధరాత్రి దాటాక చూసినప్పుడు ఉంది. ఆ మధ్యలో ఎప్పుడైనా అంటుకుని ఉండొచ్చు. ఎవరంటించారో ఇప్పటికీ తేలలేదు. పెద్దాయనకి మాత్రం క్షమాపణ చెప్పుకున్నాను.

మధ్యాహ్నపు చుక్కల దగ్గర ఎక్సెల్ ఇంకో తిరకాసు పెడుతుంది. 0813 అని ఉండాల్సిన చోట ముందున్న సున్నా మింగేసి 813 అని చూపిస్తుంది. దాన్ని పొద్దున ఎనిమిదింబావు అని చదువుకుంటాం. నిజానికి అది మధ్యాహ్నం 1 గంట 43 నిమిషాలు.

తప్పు పట్టుకోవడానికి ఒక సులువు ఉంది. ఈ మూడు వీర్స్ శాటిలైట్లూ ప్రతి చోటికీ అక్కడి మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో ఒకసారి, అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నర ప్రాంతంలో ఒకసారి వస్తాయి. అటూ ఇటూగా పన్నెండున్నర నుంచి మూడు లోపు. మీరు మార్చుకున్న టైమ్ సాయంత్రం ఆరు అనో, పొద్దున ఎనిమిది అనో వచ్చిందంటే ఎక్కడో లెక్క తప్పారు. ఆ వేళకి వీర్స్ శాటిలైట్ ఏదీ మన నెత్తి మీద ఉండదు.

ఏవి అడవి మంటలు, ఏవి కావు

నెల్లూరు జిల్లా మీద మార్చి, ఏప్రిల్ చుక్కలన్నీ ఒకేసారి చూస్తే గుండె జారిపోతుంది. భయపడకండి. హైవేకి తూర్పున, పెన్నా కాలవల కింద పడేవి చాలావరకు వరి కోత తర్వాత తగలబెట్టే గడ్డి, మొదళ్లు. ఒక పూట కనిపించి మళ్లీ ఆ గడిలో రావు. కృష్ణపట్నం దగ్గర థర్మల్ ప్లాంట్ల వైపు చుక్క పడితే అది అడవి కాదని మనకి తెలుసు, శాటిలైట్‌కి తెలియదు. ఏడాది పొడుగునా ఒకే గడి అదే పనిగా వెలుగుతుంటే అది ఫ్యాక్టరీయో బట్టీయో అనుకోండి. ఆర్కైవ్ ఫైల్‌లో టైప్ అనే వరుస ఉంటుంది, 0 అంటే చెట్టూ చేమా మంట, 2 అంటే కదలని వేడి చోటు.

కాన్ఫిడెన్స్ వరుసలో లో, నామినల్, హై అని మూడు మెట్లుంటాయి. పగటి పూట 'లో' పడిందంటే ఎక్కువగా నీళ్ల మీదో మెరిసే పైకప్పు మీదో ఎండ తళుక్కుమన్నదే. రొయ్యల చెరువుల పక్కన, సోమశిల అంచున ఇలాంటివి పడితే తీసేయండి. అయితే కొండ మీద మిగతా చుక్కల గుంపుకి ఆనుకుని ఒక 'లో' చుక్క ఉంటే ఉంచేయమంటాను. మంట అంచు చల్లబడుతున్న చోట కూడా అలాగే పడుతుంది.

ఇక మిగిలేవి పడమటి కొండల చుక్కలు. వెలిగొండలు, పెంచలకోన చుట్టుపక్కలు, ఉత్తరం వైపైతే సీఎస్ పురం, భైరవకోన కొండలు, ఇంకా పైకి పోతే నల్లమల. మనం పట్టించుకోవాల్సినవి ఇవి.

పూటలవారీగా రంగులు

ఇప్పుడు సరదా పని. ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచి మీ కొండ చుట్టూ ఉన్న చుక్కల అడ్డు వరుసలు మాత్రం ఉంచుకోండి. ఉదయగిరి దుర్గం కొండ అయితే అక్షాంశం 14.8 నుంచి 14.95, రేఖాంశం 79.2 నుంచి 79.35 మధ్య పెట్టుకుంటే సరిపోతుంది. పక్కన 'పూట' అని కొత్త నిలువు వరుస పెట్టి, మన టైమ్‌లోకి మార్చాక '15 రాత్రి', '15 పగలు', '16 రాత్రి' అని రాసుకోండి. అర్ధరాత్రి దాటినదాన్ని ఏ తేదీ కింద రాయాలని తగువు పెట్టుకోకండి, ఏదో ఒక పద్ధతి పెట్టుకుని చివరిదాకా అదే పాటించండి. మూడు శాటిలైట్ల చుక్కలు ఒక పూటలో రెండు గంటల తేడాతో పడతాయి, వాటిని ఒకే పూట కింద కలిపేయొచ్చు.

ఆ ఫైల్‌ని గూగుల్ మై మ్యాప్స్‌లోకి ఎక్కించండి. అక్షాంశ రేఖాంశాల వరుసలేవో అడుగుతుంది, చూపించండి. తర్వాత స్టైల్‌లో 'పూట' వరుసని బట్టి రంగు వేయమంటే ఒక్కో పూటకి ఒక్కో రంగు వస్తుంది. కింద శాటిలైట్ బొమ్మ పెట్టుకుంటే కొండ మడతలు కూడా కనపడతాయి. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ వచ్చినవాళ్లకి ఇంకా సులువు, రానివాళ్లు దానికోసం ఆగక్కర్లేదు.

తర్వాత గీత గీసే సాధనంతో మొదటి పూట చుక్కల చుట్టూ ఒక కంచె గీయండి. గడి సగం, అంటే దాదాపు 200 మీటర్లు, చుక్కలకి బయటగా ఉండాలి. రెండో పూటకి మొదటి కంచెని కూడా కలుపుకుని పెద్ద కంచె. ఇలా కంచె మీద కంచె గీస్తూ పోతే చెట్టు మొద్దు కోసినప్పుడు కనపడే వలయాల్లాగా వస్తుంది. రెండు వలయాల మధ్య ఎడం ఎటు ఎక్కువుందో మంట అటు పరిగెత్తినట్టు. రెండూ ఆనుకుని ఉన్న వైపు ఆగిపోయింది, అక్కడ బండరాయో వాగో కాలిబాటో ఉంటుంది.

ఇదేదో మన ఇంటి తయారీ పద్ధతి అనుకోకండి. కాలిఫోర్నియా మంటల చరిత్రని 12 గంటలకొక గీత చొప్పున తయారుచేసి 2022లో ప్రచురించిన పరిశోధకులు చేసిందీ ఇదే, వీర్స్ చుక్కలతోనే. వాళ్లకి కంప్యూటర్ గీసింది, మనకి మౌస్ గీస్తుంది.

వేగం ఎలా చెప్పాలో ఊహకి ఒక లెక్క వేద్దాం. పగటి పూట చుక్కల్లో పడమటి కొసన ఉన్నది 14.880, 79.270 దగ్గర ఉందనుకోండి. ఆ రాత్రి పూట పడమటి కొస 79.260కి జరిగింది. మన అక్షాంశం దగ్గర రేఖాంశంలో 0.01 అంటే సుమారు 1,070 మీటర్లు. పన్నెండు గంటల్లో 1,070 మీటర్లంటే గంటకి 90 మీటర్లు. కానీ రెండు కొసల్లోనూ గడిలో సగం అటూ ఇటూ తేడా ఉంది, అంటే కదిలింది 700 మీటర్లే కావచ్చు, 1,400 దాటి ఉండొచ్చు. కాబట్టి 'గంటకి 60 నుంచి 120 మీటర్ల మధ్య' అని చెప్పండి. 89.2 మీటర్లని దశాంశంతో సహా చెప్పేవాళ్లని నమ్మకండి. ఇది సగటు అన్న సంగతీ మర్చిపోవద్దు. మిట్ట మధ్యాహ్నం గడ్డిలో మూడు గంటలు ఉరికి, సాయంత్రం నుంచి కునుకు తీసిన మంటకి కూడా లెక్కలో అదే వేగం వస్తుంది.

చుక్కలు చెప్పనివి కొండ చెబుతుంది

వలయాలు గీశాక కొండ వాలు చూడండి. మంట ఎగువకి ఉరుకుతుంది, దిగువకి పాకుతుంది. ఎగువన ఉన్న గడ్డిని కింది మంట ముందే కాచి ఎండబెడుతుంది కదా. 10 డిగ్రీల వాలుకి వేగం దాదాపు రెట్టింపు అవుతుందని మంటలార్పే వాళ్ల లెక్క. పగలు గాలి కూడా లోయ నుంచి శిఖరానికి ఎక్కుతుంది, రాత్రి శిఖరం నుంచి దిగుతుంది. అందుకే పగటి చుక్కలు శిఖరం వైపు జరిగి, రాత్రి చుక్కలు వాలు పొడుగునా దండలా పడితే అందులో వింతేమీ లేదు. మిద్దె మీద నుంచి మనకి కనపడే ఎర్ర గీత ఆ దిగువకి పాకే మంటే. చూడడానికి భయంగా ఉంటుంది గానీ అసలు జోరు అవతలి వైపు ఎక్కడంలో ఉండొచ్చు.

ఎఫ్‌ఆర్‌పీ అని మెగావాట్లలో ఒక వరుస ఉంటుంది, మంట వెదజల్లే వేడికి కొలత. ఒక పూట చుక్కలన్నిటివీ కూడి, నిన్న పగలుని ఇవాళ పగలుతో, రాత్రిని రాత్రితో పోల్చండి. పెరుగుతుంటే మంట బలపడుతోంది. పగలుని రాత్రితో పోలిస్తే తప్పుడు ధైర్యం వస్తుంది, రాత్రికి ఏ మంటైనా కాస్త మెత్తబడుతుంది.

పన్నెండు గంటల ఎడంలో ఏం జరిగిందో తెలియకపోవడం ఈ పద్ధతికి పెద్ద లోటు. 2018 నవంబర్ 8న కాలిఫోర్నియాలో క్యాంప్ ఫైర్ అని పేరు పెట్టిన అడవి మంట ఉదయం ఆరున్నర ప్రాంతంలో మొదలైంది. మధ్యాహ్నపు వీర్స్ వచ్చేలోపే పారడైజ్ అనే ఊరు కాలిపోతోంది. 85 మంది చనిపోయారు. మన దగ్గర కాలేది ఎక్కువగా నేల మీది ఎండుటాకు, గడ్డి. చెట్ల తలలు పట్టుకుని ఉరికే అంత మంటలు కావు. అయినా మధ్యాహ్నం మూడు తర్వాత అంటుకుని అర్ధరాత్రిలోపు ఆరిపోయిన మంట వీర్స్ ఫైల్‌లో ఎక్కడా ఉండదు. చుక్క లేదు కాబట్టి కొండ కాలలేదని వాదించకండి.

ఈ ఎడాన్ని కొంత పూడ్చేవి ఎప్పుడూ మన దేశం వైపే చూస్తూ ఉండే ఇన్సాట్-3డీఆర్, ఇన్సాట్-3డీఎస్ శాటిలైట్లు. రెండూ శ్రీహరికోట నుంచే లేచాయి, ఒకటి 2016 సెప్టెంబర్‌లో, ఇంకోటి 2024 ఫిబ్రవరిలో. మన జిల్లాలో చాలామంది మిద్దెల మీద నుంచి ఆ రాకెట్ల నిప్పు గీతని చూసే ఉంటారు. ఒక్కోటి అరగంటకోసారి బొమ్మ తీస్తుంది, ఇస్రో మోస్‌డాక్ సైట్‌లో చూడొచ్చు. కాకపోతే వేడిని చూసే గడి 4 కిలోమీటర్లు, చిన్న మంట దానికి ఆనదు. పెద్దది చెలరేగినప్పుడే పనికొస్తుంది.

కాలిన మచ్చ కొలవడం

మంట చల్లారాక చుక్కల పని అయిపోయింది. ఎన్ని ఎకరాలు పోయిందో చుక్కల్ని 35తో హెచ్చవేసి చెప్పొద్దు, రెండు మూడు రెట్లు తేడా రావచ్చు. దానికి యూరప్ వాళ్ల సెంటినెల్-2 శాటిలైట్ బొమ్మలు వాడాలి. కోపర్నికస్ బ్రౌజర్‌లో ఉచితం. వారం లోపే ఒక కొత్త బొమ్మ దొరుకుతుంది, గడి 10, 20 మీటర్లు. అందులో షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ బొమ్మ ఎంచుకుంటే పచ్చదనం ఆకుపచ్చగా, కాలిన నేల ముదురు గోధుమ రంగులో, ఇంకా మండుతున్న అంచు నారింజ రంగులో కనపడుతుంది. కొలత సాధనంతో మచ్చ చుట్టూ గీస్తే విస్తీర్ణం అదే చెబుతుంది.

కొంచెం లోతుగా వెళ్లేవాళ్లు నేల ఎంత కాలిందో చెప్పే ఎన్‌బీఆర్ లెక్క వాడతారు. శాటిలైట్ ఒక్కో రకం కాంతిని విడిగా కొలిచే పొరని బ్యాండ్ అంటారు. 8వ బ్యాండ్ లోంచి 12వ బ్యాండ్ తీసేసి, రెండిటి మొత్తంతో భాగించడం. మంటకి ముందు విలువలోంచి తర్వాతి విలువ తీసేస్తే 0.1 దాటిన చోట కాలినట్టు, 0.66 దాటితే బాగా మాడినట్టు అని అమెరికా వాళ్ల పట్టిక. ఆ పట్టికని వెలిగొండలకి ఉన్నదున్నట్టు తగిలిస్తే దెబ్బతింటారు. ఫిబ్రవరి నుంచి మన అడవి ఆకు రాలుస్తుంది. జనవరి బొమ్మని ఏప్రిల్ బొమ్మతో పోల్చారంటే నిప్పు తగలని కొండ కూడా కాలినట్టే వస్తుంది. అందుకని మంటకి నాలుగైదు రోజుల ముందు బొమ్మని, నాలుగైదు రోజుల తర్వాతి బొమ్మతోనే పోల్చండి. కుదరకపోతే పోయినేడు అదే తేదీ బొమ్మ తీసుకోండి. ఆలస్యం చేయకండి కూడా. ఒక్క వాన పడి గడ్డి మొలిచిందంటే మచ్చ చెరిగిపోతుంది.

ఎవరికి చెప్పాలి

డెహ్రాడూన్ ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు 2004 నుంచి ఇలాంటి చుక్కల్ని అటవీ శాఖకి పంపుతున్నారు. ఇప్పుడు వాళ్ల వన్ అగ్ని పోర్టల్‌లో మామూలు జనం కూడా పేరు నమోదు చేసుకుని తమ ప్రాంతానికి అలర్టులు తెప్పించుకోవచ్చు. ఫర్మ్స్‌లోనూ మీ కొండ చుట్టూ గడి గీసి మెయిల్ అలర్ట్ పెట్టుకోవచ్చు. రెండూ పెట్టుకోండి.

అంటే మీరు చూసిన చుక్క అటవీ శాఖ బీట్ ఆఫీసర్ ఫోన్‌కి ముందే వెళ్లి ఉంటుంది. మీరు చేయగలిగిన సాయం వేరే ఉంది. అలర్ట్‌లో అక్షాంశ రేఖాంశాలుంటాయి, దారి ఉండదు. అందుకని ఫోన్ చేసినప్పుడు ఇలా చెప్పండి: "సార్, రాత్రి రెండింటికి శాటిలైట్ చూసినప్పుడు మంట ఫలానా కోన పైన ఉంది. నిన్న మధ్యాహ్నం నుంచి పడమటికి కిలోమీటరు దాకా జరిగింది. ఇప్పుడు పొగ మాకు ఫలానా గుట్ట వెనక కనపడతా ఉంది. బండి ఫలానా చెరువు కట్ట దాకా పోతుంది." ఇళ్ల దగ్గరికో పొలాల్లోకో దిగుతుంటే మాత్రం చుక్కల కోసం ఎదురుచూడకుండా 101కో 112కో కొట్టండి.

స్క్రీన్‌షాట్ పంపేటప్పుడు దాని మీదే మన టైమ్ రాయండి. టైమ్ లేని స్క్రీన్‌షాట్ మూడు రోజులు తిరుగుతుంది, ఆరిపోయిన మంటకి జనం పరిగెత్తుతారు. మ్యాప్ చేతిలో ఉంది కదా అని కొండెక్కకండి. మీరు చూస్తున్న అంచు మూడు నాలుగు గంటల కిందటిది, ఈలోపు గాలి తిరిగి ఉండొచ్చు.

నేనిప్పుడు చుక్క కనపడగానే మొదట ఫోన్ చేసేది ఆ మేకల పెద్దాయనకే. "రాత్రి రెండింటికి దుర్గం వెనక ఉండింది, ఇప్పుడెక్కడుంది?" అంటే, ఆయన కొండ వైపు ఒకసారి చూసి, "వాగు కాడ ఆగిపోయిందిలే అబ్బయా" అంటాడు. ఆ మాట, ఆయన చెప్పిన టైమ్ కూడా 'పూట' వరుసలో రాసుకుంటాను.